నల్ల అట్ట, బంగారు అక్షరాలు

తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఏడాది పొడవునా కనిపించే చిన్న వార్త ఒకటుంది. 'ఫలానా వారికి డాక్టరేట్' అని శీర్షిక, పక్కన పాస్‌పోర్టు సైజు ఫొటో. కింద నాలుగైదు వాక్యాల్లో విశ్వవిద్యాలయం పేరు, విభాగం పేరు, గైడ్ పేరు, అభినందించిన ప్రిన్సిపాల్, సహోద్యోగుల పేర్లు వరసగా వచ్చేస్తాయి. పరిశోధనాంశం కూడా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ అయితే అది ఇంగ్లిష్ శీర్షికనే తెలుగు లిపిలో దించినట్టుంటుంది. ఆ వార్త ఎంత వెతికినా చెప్పని సంగతి ఒకటే. ఆ మనిషి నాలుగైదేళ్లు కూర్చుని ఏం కనిపెట్టారు? నిన్నటిదాకా తెలియనిది ఇవాళ ఏం తెలిసింది?

ఇందులో విలేకరి తప్పేమీ లేదు. అడిగి తెలుసుకుందామన్నా చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. రాసిన స్కాలర్, రాయించిన గైడ్, దిద్దిన ఇద్దరు బయటి పరీక్షకులు. వైవా ముగిసి, హాల్లో చప్పట్లు మోగి, టీ బిస్కెట్లు అయ్యాక ఆ పుస్తకం నల్ల రెక్సిన్ అట్టతో, వీపు మీద బంగారు అక్షరాలతో లైబ్రరీ బీరువాలోకి చేరుతుంది. ఆ తర్వాత దాన్ని తీసి చూసేది ఎక్కువగా తర్వాతి బ్యాచ్ స్కాలర్లే. అది కూడా సర్టిఫికెట్ పేజీ ఎలా పెట్టాలో, మార్జిన్ ఎంత వదలాలో చూసుకోవడానికి.

బీరువా తాళం తీసే ప్రయత్నం జరగకపోలేదు. 2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు ప్రతి థీసిస్‌కూ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఈరోజు ఎవరైనా పైసా కట్టకుండా దేశం నలుమూలల థీసిస్‌లు తెరిచి చూడొచ్చు. ఒక్కో థీసిస్ అక్కడ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. టైటిల్ పేజీ ఒక ఫైలు, సర్టిఫికెట్ ఒక ఫైలు, డిక్లరేషన్ ఇంకో ఫైలు, ఆపైన అధ్యాయానికో ఫైలు. ఇంత మేలు చేసిన వ్యవస్థ కూడా చేయలేని పని ఒకటుంది. ఆ లక్షల ఫైళ్లలో ముందు ఏది తెరవాలో అది చెప్పలేదు. ఆ పని చేయడానికే ఉత్తమ థీసిస్ పురస్కారాలు పుట్టాయి. నగదు బహుమతి, జ్ఞాపిక, స్నాతకోత్సవ వేదిక మీద ఫొటో, ఇవన్నీ వెంట వచ్చేవి. అసలు విలువ వేరే చోట ఉంది. ఇవ్వాలో వద్దో తేల్చడానికి కొందరు నిపుణులు ఆ థీసిస్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి తీరాలి.

ఈ చర్చకు ఇప్పుడు సందర్భం కూడా ఉంది. 2024 చివర్లో యూజీసీ 'పీహెచ్‌డీ ఎక్సలెన్స్ సైటేషన్' పేరుతో జాతీయ స్థాయి గుర్తింపును ప్రకటించింది. ఏటా 10 మందికి, అయిదు విభాగాల్లో విభాగానికి ఇద్దరి చొప్పున, ఉపాధ్యాయ దినోత్సవం రోజున ప్రకటించాలన్నది ఆలోచన. విజ్ఞాన శాస్త్రాలు, ఇంజినీరింగ్ సాంకేతికత, సామాజిక శాస్త్రాలు, భారతీయ భాషలు, వాణిజ్యం మేనేజ్‌మెంట్ అనేవి ఆ విభాగాలు. ప్రతి విశ్వవిద్యాలయం ఒక్కో విభాగానికి ఒక్క థీసిస్ పంపవచ్చు. మంచి పథకమే. ఐతే లెక్క చూడాలి. దేశం మొత్తం మీద ఇంజినీరింగ్‌కు రెండే రెండు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్, ఎలక్ట్రానిక్స్‌లతో కలిసి కంప్యూటర్ సైన్స్, ఐటీ కూడా ఆ రెండింటికే పోటీ పడాలి. విశ్వవిద్యాలయం స్థాయిలో ఒక్క పేరే పైకి వెళుతుంది కనుక ఆ ఒక్కటీ ఏదో తేల్చే గది ఢిల్లీలో కాకుండా మన క్యాంపస్‌లోనే ఉంది. ఆ గదిలో చదివే అలవాటు లేకపోతే పైకి వెళ్లేది గైడ్ పలుకుబడి, లేదంటే అచ్చయిన పత్రాల సంఖ్య.

అందుకే ఐటీకి ప్రత్యేకంగా, విశ్వవిద్యాలయం స్థాయిలో ఉత్తమ థీసిస్ పురస్కారం అవసరం. ఎలా ఉండాలో ఊహించుకోనక్కర్లేదు. ఇలాంటివి నడుస్తున్న చోట్ల ఏం జరిగిందో చూస్తే చాలు. ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ థీసిస్‌లకు జార్జ్ స్ప్రౌల్స్ పురస్కారం ఉంది. స్టాన్‌ఫోర్డ్‌లో ఆర్థర్ శామ్యూల్ పేరిట ఉంది. వీటన్నిటికీ పైన, విశ్వవిద్యాలయాలు పంపిన నామినేషన్ల నుంచి ఎంపిక చేసేది అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ, అంటే ఏసీఎం, ఇచ్చే డాక్టోరల్ డిసర్టేషన్ అవార్డు. 20,000 డాలర్ల బహుమతి. ఏసీఎం ఇండియా కూడా మన దేశంలో పూర్తయిన థీసిస్‌లకు టీసీఎస్ ఆర్థిక సాయంతో ఇలాంటిదే ఇస్తోంది. ఏసీఎం జాబితాను పైనుంచి కిందికి చదివితే గత నాలుగు దశాబ్దాల కంప్యూటింగ్ చరిత్రలో సగం కళ్ల ముందు నడుస్తుంది.

2009 విజేత క్రెయిగ్ జెంట్రీ కథ కొంచెం ఆగి చెప్పుకోదగ్గది. ఆయన హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన మనిషి. ఆ దారి వదిలి సంకేత లిపి శాస్త్రం వైపు వచ్చి, స్టాన్‌ఫోర్డ్‌లో డాన్ బోనే దగ్గర పీహెచ్‌డీలో చేరారు. ఆయన పట్టుకున్న ప్రశ్న 1978 నాటిది. రివెస్ట్, ఏడిల్‌మన్, డెర్టూజోస్ ఆ ఏడాది ఒక సందేహం లేవనెత్తారు. తాళం వేసిన సమాచారం మీద, తాళం తీయకుండానే లెక్కలు చేయించవచ్చా? అంటే రోగి వివరాలు ఆసుపత్రి కంప్యూటర్‌కు కనపడకూడదు, ఐనా ఆ కంప్యూటరే వాటిని విశ్లేషించి జవాబు ఇవ్వాలి. ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

జెంట్రీ దానికి చెప్పిన పోలిక నగల దుకాణానిది. యజమానురాలికి పనివాళ్ల చేత నగలు చేయించుకోవాలి, బంగారం మాత్రం వాళ్ల చేతికి చిక్కకూడదు. గాజు పెట్టెలో బంగారం, రాళ్లు పెట్టి తాళం వేస్తుంది. పెట్టె గోడకు లోపలివైపు చేతి తొడుగులు బిగించి ఉంటాయి. పనివాడు బయటినుంచి వాటిలో చేతులు దూర్చి నగ చేస్తాడు, బయటికి తీయలేడు. తాళంచెవి యజమానురాలి దగ్గరే. చిక్కు ఎక్కడంటే, ఆ తొడుగులు కాసేపు వాడగానే బిర్రబిగుసుకుపోతాయి. పెద్ద నగ పూర్తికాదు. జెంట్రీ ఆలోచన ఇక్కడే వెలిగింది. ఆ పెట్టెను అలాగే రెండో పెట్టెలోకి తోసెయ్యాలి. మొదటి పెట్టె తాళంచెవి రెండో పెట్టెలో ముందే పెట్టి ఉంటుంది. పనివాడు రెండో పెట్టె కొత్త తొడుగులతో లోపలి పెట్టె తాళం తీసి పని కొనసాగిస్తాడు. అవి బిగుసుకుంటే మూడో పెట్టె. బంగారం మాత్రం ఒక్కసారి కూడా బయటి గాలి చూడదు. గణితంలో తొడుగుల బిగువు అంటే లెక్క లెక్కకూ పేరుకునే 'నాయిస్'. పెట్టెలో పెట్టెను దూర్చడం 'బూట్‌స్ట్రాపింగ్'.

ఆ థీసిస్ పూర్తయినప్పుడు అది ఆచరణలో ఎందుకూ కొరగానిదిగా కనిపించింది. 2011లో జెంట్రీ, షాయ్ హాలేవీ కలిసి ప్రోగ్రాం రాసి చూస్తే, భద్రత ఎక్కువ కావాలన్న అమరికలో ఒక్క బూట్‌స్ట్రాపింగ్ అడుగుకు అర గంట పట్టింది. మన దగ్గర పరీక్షకుల నివేదికల్లో తరచూ కనిపించే 'ఆచరణ యోగ్యత' అనే గడిలో దానికి మార్కులు పడేవి కావు. అవార్డు కమిటీ చూసింది వేగాన్ని కాదు. ముప్పై ఏళ్లుగా మూసి ఉన్న తలుపు తెరుచుకుందా లేదా అన్నదే చూసింది. తర్వాతి పదేళ్లలో ఇతరులు ఆ దారిలో నడిచి దాన్ని ఎన్నో రెట్లు వేగవంతం చేశారు. ఆ క్రమంలో జ్వికా బ్రకెర్‌స్కి, వినోద్ వైకుంఠనాథన్‌లతో కలిసి జెంట్రీకి 2022లో, సైద్ధాంతిక కంప్యూటర్ సైన్స్‌లో ఇచ్చే గోడెల్ బహుమతి వచ్చింది. కొత్తగా పెట్టబోయే ఏ పురస్కారమైనా మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఈ ఏడాది పనికొచ్చేదాన్ని మెచ్చుకోవాలా, కొత్త తలుపు తెరిచినదాన్నా?

రెండూ ఒకే థీసిస్‌లో కలిసిన సందర్భాలూ ఉన్నాయి. 1994 విజేత టి.వి. రామన్ పుణెలో పుట్టారు. గ్లకోమా వల్ల పద్నాలుగేళ్లకు చూపు పూర్తిగా పోయింది. గణితంలో పట్టా తీసుకుని, ఐఐటీ బొంబాయిలో ఎంఎస్సీ చేసి, కార్నెల్‌లో డేవిడ్ గ్రీస్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. గణిత పుస్తకాన్ని చెవితో చదవడం ఎలా అన్నది ఆయన ప్రశ్న. ఆ కష్టం ఎలాంటిదో ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. 'ఏ ప్లస్ బి బై సి' అని యంత్రం చదివిందనుకోండి. ఏ, బి రెండూ కలిపి సి తో భాగించాలా, లేక బి ని మాత్రమే భాగించి ఏ కు కలపాలా? కాగితం మీద గీత ఎంత పొడుగుందో చూస్తే కంటికి క్షణంలో తెలిసిపోతుంది. చెవికి ఆ గీత లేదు. రామన్ తయారుచేసిన ఆస్టర్ అనే వ్యవస్థ స్వరాన్నే గీతగా మార్చింది. ఘాతం వస్తే గొంతు స్థాయి పెరుగుతుంది, కింది సూచిక వస్తే తగ్గుతుంది. సమీకరణం మరీ పెద్దదైతే లోపలి ముక్కలకు తాత్కాలికంగా పేర్లు పెట్టి, ముందు మొత్తం ఆకారాన్ని వినిపించి, ఆ తర్వాత ఒక్కో ముక్కలోకి తీసుకెళుతుంది. ఆస్టర్ అన్నది ఆయన గైడ్ డాగ్, నల్ల ల్యాబ్రడార్ పేరు కూడా. ఆ తర్వాత ఆయన రాసిన ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే డెస్క్‌టాప్ అంధ ప్రోగ్రామర్ల చేతికి పనిముట్టయింది. 2005లో గూగుల్‌లో చేరి అందుబాటు సాంకేతికతల మీదే పనిచేశారు.

థీసిస్ అంశం ఎక్కడినుంచి రావాలన్న దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకాల్సిన పనిలేదు. రామన్ ప్రశ్న ఆయన రోజువారీ బతుకులోంచి వచ్చింది. మన దగ్గర ఎక్కువగా అది గత ఏడాది అచ్చయిన పత్రాల చివర్లోని 'భవిష్యత్ పని' అన్న పేరా నుంచి వస్తుంది.

జాబితాలో ఇంకొన్నింటిని వేగంగా చూద్దాం. బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం చేసిన రిస్క్ ప్రాసెసర్ మీద మనోలిస్ కటెవెనిస్ రాసిన థీసిస్‌కు 1984లో ఈ అవార్డు వచ్చింది. తక్కువ, సరళమైన ఆదేశాలతో చిప్ చేస్తే అది వేగంగా నడుస్తుందన్నది అందులోని వాదన. అదే బర్క్‌లీలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్ ఆ వంశంలో అయిదో తరం. ఐఐటీ మద్రాసు తయారుచేసిన శక్తి ప్రాసెసర్ల పునాది ఆ రిస్క్-ఫైవే. బర్క్‌లీలోనే మెండెల్ రోసెన్‌బ్లమ్ పూర్తిచేసిన థీసిస్ ఫైళ్లను డిస్కు మీద అక్కడో ముక్క ఇక్కడో ముక్క రాయకుండా, చిట్టా పుస్తకంలా ఒకదాని తర్వాత ఒకటి రాసుకుంటూ పోవాలంది. ఇప్పటి ఎస్ఎస్‌డీల లోపల ఫ్లాష్ మెమరీని నడిపే తీరుకు అదే పోలిక. 1996లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి షియాయువాన్ తూ కంప్యూటర్ తెర మీద సొంతంగా ఈదే, తినే, భయపడే కృత్రిమ చేపలను సృష్టించి ఈ పురస్కారం అందుకున్న మొదటి మహిళ అయ్యారు. 2021 విజేత, కార్నెల్‌లో చదివిన మనీశ్ రాఘవన్ అంశం పూర్తిగా వేరే దారి. మనుషులను ఎంపిక చేసే అల్గారిథంలు ఎవరికి అన్యాయం చేస్తున్నాయన్నది ఆయన ప్రశ్న. 2023లో జార్జియా టెక్ నుంచి నివేదిత అరోరా బ్యాటరీ అక్కర్లేని వైర్‌లెస్ స్టికర్లతో గెలిచారు. సిద్ధాంతం, చిప్, చేప, న్యాయం, స్టికర్, అన్నీ ఒకే జాబితాలో ఇమిడాయి. అలాంటప్పుడు మన దగ్గర 'మెషిన్ లెర్నింగ్‌తో ఫలానా వ్యాధి గుర్తింపు' అన్న ఒకే అచ్చులో అన్ని థీసిస్‌లూ ఎందుకు పోతపోసుకుంటున్నాయో విభాగాలు తమను తాము అడగాలి.

ఈ జాబితాలో పైకి కనిపించని గీత ఒకటి ఉంది. 2014లో గెలిచిన మతేయి జహారియా బర్క్‌లీలో స్పార్క్ అనే వ్యవస్థను తయారుచేశారు. దాని మొదలు పక్క బల్ల దగ్గర. తోటి విద్యార్థి లెస్టర్ మాకీ, సినిమాల రేటింగులను మెరుగ్గా అంచనా వేస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామన్న నెట్‌ఫ్లిక్స్ పోటీలో ఉన్నారు. భారీ డేటాను ఎన్నో యంత్రాల మీద లెక్కించడానికి అప్పట్లో వాడే హడూప్ అనే వ్యవస్థ ప్రతి అడుగుకూ డేటాను డిస్కులో రాసి మళ్లీ చదివేది. అదే డేటా మీద పదేపదే తిరిగే లెక్కలకు అది నత్తనడక. స్పార్క్ డేటాను మెమరీలోనే ఉంచింది. ఏ యంత్రమైనా పాడైతే పోయిన ముక్కను మళ్లీ తయారుచేసుకునేలా, ఆ ముక్క ఏ వరసలో తయారైందో మాత్రం గుర్తుపెట్టుకుంది. మాకీ ఉన్న జట్టు 2009లో స్కోరులో విజేతతో సమానంగా నిలిచి, 20 నిమిషాలు ఆలస్యంగా పంపినందుకు బహుమతి పోగొట్టుకుంది. స్పార్క్ మాత్రం మిగిలింది. జహారియా గైడ్లలో ఒకరు అయాన్ స్టోయికా. ఆ స్టోయికా కూడా 2001లో ఇదే అవార్డు గెలిచినవారే.

ఇది ఒక్కసారి జరిగిన వింత కాదు. 2012లో వైర్‌లెస్ సంకేతాల మధ్య జోక్యం మీద శ్యామ్‌నాథ్ గొల్లకోట రాసిన థీసిస్‌కు, 2016లో స్పార్స్ ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ మీద హైథమ్ హసనీయే రాసిన థీసిస్‌కు, రెంటికీ ఎంఐటీలో గైడ్ ఒక్కరే, డైనా కటాబీ. ఐఐటీ మద్రాసులో చదివి వెళ్లిన గొల్లకోట ఇంటిపేరు తెలుగు పాఠకుడికి పరిచయం చెప్పక్కర్లేనిది. మంచి థీసిస్‌లు ఒకే గుమ్మం నుంచి మళ్లీ మళ్లీ రావడం చూస్తే, పురస్కారం పేరుకు విద్యార్థిదైనా అందులో పెద్ద వాటా ఆ గుమ్మానిదని అర్థమవుతుంది. గట్టి ప్రశ్న ఇచ్చి, దాన్ని తేల్చుకోవడానికి సమయమిచ్చి, మధ్యలో చేయి వదలకుండా పట్టుకున్న గైడ్ అక్కడ ఉన్నారు.

ఈ సంగతికి తెలుగు నేల నుంచే సాక్ష్యం ఉంది. చిత్తూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గిండీలో ఇంజినీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్ చదివి, స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ మెక్‌కార్తీ దగ్గర చేరారు. 1966లో ఆయన సమర్పించిన థీసిస్ మనిషి మాటను కంప్యూటర్ చేత గుర్తింపజేయడం మీద. స్టాన్‌ఫోర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ విభాగం ఏర్పడింది అంతకు ముందు ఏడాదే. అప్పటికి ఇలాంటి పురస్కారాలు లేవు. కానీ ఆ గుమ్మం నుంచి వచ్చినవాళ్లను చూడండి. కార్నెగీ మెలన్‌లో ఆయన దగ్గర జేమ్స్ బేకర్ 1975లో రాసిన 'డ్రాగన్' థీసిస్ మాటల గుర్తింపులో సంభావ్యత పద్ధతికి దారి వేసింది. 1988లో కై-ఫూ లీ రాసిన 'స్ఫింక్స్' ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా గుర్తించగలనని చూపింది. కై-ఫూ లీ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం గణాంక పద్ధతి విషయంలో గురువుకు శిష్యుడితో ఏకాభిప్రాయం లేదు. ఐనా వద్దనలేదు. కావలసిన వనరులు సమకూర్చారు. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ఐటీ పాలక మండలికి ఆయన చాలాకాలం అధ్యక్షులుగా ఉన్నారు. గురువు తాను నమ్మని దారిలో శిష్యుణ్ని నడవనిచ్చిన ఆ ఒక్క సంఘటనను మన గైడ్లందరూ చదవాలి.

మన గైడ్ల పరిస్థితి చెప్పకుండా ఈ మాట అనడం న్యాయం కాదు. నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది దాకా, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లు ఉండవచ్చు. వాళ్లకు తోడు బీటెక్ క్లాసులు, పరీక్షల మూల్యాంకనం, కాలేజీ గుర్తింపు కోసం న్యాక్ ఫైళ్లు. స్కాలర్ల సంగతి ఇంకా కష్టం. రెండు తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ చేస్తున్నవారిలో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకులు ఎక్కువగానే కనిపిస్తారు. పదోన్నతికి డాక్టరేట్ కావాలి. పగలు పాఠాలు, ల్యాబులు, అడ్మిషన్ల డ్యూటీ. రాత్రి పిల్లలు పడుకున్నాక థీసిస్. ఫెలోషిప్ ఉన్నవారికీ పెద్ద సుఖం లేదు. జూనియర్ రిసర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. అదే ఊళ్లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో తోటి బీటెక్ మిత్రుడి జీతంతో ఆ మొత్తాన్ని ఇంట్లోవాళ్లు పోల్చకుండా ఉండరు. ఇంత ఒత్తిడిలోనూ నిజాయితీగా ప్రశ్న వెతికి జవాబు తెచ్చినవాళ్లు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టే ఏర్పాటు లేకపోవడమే బాధ కలిగిస్తుంది.

2022 నిబంధనల్లో యూజీసీ ఒక మంచి మార్పు చేసింది. థీసిస్ సమర్పణకు ముందే జర్నల్‌లో పత్రం అచ్చు వేయించాలన్న షరతును తీసేసింది. డబ్బు తీసుకుని అచ్చువేసే జర్నళ్ల వ్యాపారానికి ఆ షరతే మేత అయిందన్న విమర్శ చాలాకాలంగా ఉంది. ఐతే షరతు పోయాక నాణ్యతను తేల్చే బరువంతా పరీక్షకుల చదువు మీద పడింది. 2018 నాటి చౌర్య నిరోధక నిబంధనలు వేరే పని చేస్తాయి. పోలిక 10 శాతం దాటకపోతే సమస్య లేదు, దాటితే మెట్లు మెట్లుగా చర్య. సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఆ శాతం కాపీ ఉందా లేదా అనే చెబుతుంది. ఏ ఒక్క వాక్యమూ కాపీ కాని థీసిస్‌లో ఒక్క కొత్త ఆలోచన కూడా లేకపోవచ్చు. అది పట్టుకోవడానికి మనిషే కావాలి.

కాబట్టి మన విశ్వవిద్యాలయం ఏదైనా ఐటీ థీసిస్ పురస్కారం పెట్టాలనుకుంటే ఖర్చు పెట్టాల్సింది ముందు చదివేవాళ్ల మీద. తుది పరిశీలనలో ఉన్న ప్రతి థీసిస్‌నూ ఆ విశ్వవిద్యాలయంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు పూర్తిగా చదవాలి, చదివినందుకు గౌరవ వేతనం ఉండాలి. గైడ్ ఆ కమిటీలో ఉండకూడదు, గైడ్‌తో కలిసి పత్రాలు రాసినవారూ ఉండకూడదు. కనీసం ఒకరు పరిశ్రమలో పరిశోధన చేస్తున్నవారైతే మేలు. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీల పరిశోధన కేంద్రాలు కూతవేటు దూరంలో ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఎందుకు ఇచ్చారో రెండు పేజీల్లో రాసి అందరికీ చూపించాలి. విజేత పేరు, గైడ్ పేరు మాత్రమే ఉన్న పత్రికా ప్రకటన మళ్లీ ఆ జిల్లా పేజీ వార్తే అవుతుంది. ఏ ఏడాదైనా తగిన థీసిస్ లేకపోతే ఇవ్వకుండా ఆపే ధైర్యం కూడా నిబంధనల్లోనే రాసిపెట్టుకోవాలి. కోడ్, డేటా బయట పెట్టడాన్ని షరతు చేయాలి. ఐటీలో ఫలితాన్ని ఇంకొకరు నడిపి చూడలేకపోతే అది మాట మాత్రంగానే మిగులుతుంది.

పత్రాల సంఖ్యను, సైటేషన్ల లెక్కను కమిటీ ముందు పెట్టకుండా ఉంటేనే మంచిది. జెంట్రీ థీసిస్ పూర్తయిన నెలలో దాన్ని ఎంతమంది ఉదహరించారో లెక్కపెట్టి ఎవరు తేల్చగలరు? ఇంకో మాట. గూగుల్ మూలాలు స్టాన్‌ఫోర్డ్ పీహెచ్‌డీ గదిలోనే ఉన్నా, లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ థీసిస్ పూర్తిచేయలేదు. పూర్తయినవాటిలో మంచిదాన్ని చూపడమే పురస్కారం పరిధి. మధ్యలో ఆగిపోయినవారిని నిలబెట్టడం విభాగం చేయాల్సిన వేరే పని. ముఖ్యంగా పెళ్లి, ప్రసవం, ఉద్యోగం మధ్య ఆగిపోయే మహిళా స్కాలర్ల విషయంలో. 2022 నిబంధనలు వాళ్లకు అదనంగా రెండేళ్ల గడువు ఇచ్చాయి. ఆ గడువు వాడుకున్న థీసిస్‌ను ఆలస్యమైనదిగా చూడకుండా కమిటీకి స్పష్టంగా చెప్పాలి.

అంశాల విషయంలో మన నేల పొడవునా ప్రశ్నలు పడి ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు అచ్చు అక్షరాలను కంప్యూటర్ చేత చదివించే ఓసీఆర్ మీద 2001 నాటికే పరిశోధన పత్రం వచ్చింది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో భారతీయ భాషల అనువాదం, మాట, లిపి మీద ప్రయోగశాలలే ఉన్నాయి. ఐనా పాత అచ్చు పుస్తకంలో వత్తు కాస్త చెదిరితే యంత్రం తడబడుతుంది. శ్రీకాకుళం యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస మూడింటినీ సమానంగా వినే యంత్రం కావాలి. మండల కార్యాలయంలో దరఖాస్తు చేసుకున్న రైతు పేరు మూడు రికార్డుల్లో మూడు స్పెల్లింగులతో ఉంటే అవన్నీ ఒకే మనిషివని చెప్పే అల్గారిథం కావాలి. ఇవి చిన్న ప్రశ్నలు అనుకునేవారు రామన్ థీసిస్‌ను గుర్తుచేసుకోవాలి. ఒక చదువరి తన చెవికి సమీకరణం ఎలా వినపడాలో తేల్చుకోబోయి ప్రపంచ స్థాయి అవార్డు దాకా వెళ్లాడు.

విజేత థీసిస్‌కు పదిహేను పేజీల తెలుగు సారాంశం రాయించి, దాన్ని విశ్వవిద్యాలయమే అచ్చువేస్తే ఖర్చు పెద్దగా కాదు. స్నాతకోత్సవం రోజు కాకుండా విడిగా ఒక సాయంత్రం ఆడిటోరియం తెరిచి, ఆ స్కాలర్ చేత తెలుగులో గంటసేపు మాట్లాడించవచ్చు. ముందు వరసలో బీటెక్ మొదటి ఏడాది పిల్లలు, వెనుక వరసలో స్కాలర్ తల్లిదండ్రులు కూర్చుంటారు. కొడుకో కూతురో ఇన్నేళ్లు రాత్రుళ్లు దీపం ఆర్పకుండా ఏం చేస్తూ వచ్చారో ఆ తల్లిదండ్రులు మొదటిసారి తమ భాషలో వింటారు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చే వార్తలో విలేకరికి నాలుగో వాక్యంగా రాయడానికి ఒక విషయం దొరుకుతుంది.